పిల్లల రక్తపరీక్ష రిపోర్టుకు పెద్దల కొలతలా?

సంపాదకులు గారికి నమస్కారాలు.

మా అబ్బాయికి ఏడేళ్లు. తోటి పిల్లలంతా ఎదుగుతున్నా వాడు మాత్రం తరగతిలో ముందు వరుస దాటకపోతే, మా ఇంట్లో పొడుగువాళ్లు ఎవరున్నారులే అని సరిపెట్టుకున్నాం. నీరసంగా ఉంటున్నాడని నగరంలోని ఒక ల్యాబులో రక్తపరీక్ష చేయించినప్పుడు క్రియాటినిన్ 0.9 అని వచ్చింది. పక్కనే ఉండవలసిన పరిమితి 0.7 నుంచి 1.3 అని అచ్చయి ఉండటంతో నిశ్చింతగా ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేశాం. ఎనిమిది నెలల తరువాత పిల్లల కిడ్నీ వైద్యుడు దాన్ని చూసి మొట్టమొదట అడిగింది, బాబు ఎత్తు ఎంత అని.

క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టి, కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం కనుక చిన్న ఒంట్లో తక్కువగానే తయారవుతుంది. పెద్దవారికి మామూలుగా ఉండే అంకె పసివాడిలో ప్రమాద సూచన కావచ్చు. అందుకే 2009లో సవరించిన ష్వార్ట్జ్ సూత్రం ప్రకారం, సెంటీమీటర్లలో కొలిచిన ఎత్తును 0.413తో హెచ్చించి, వచ్చినదాన్ని క్రియాటినిన్‌తో భాగించి పిల్లల మూత్రపిండాల వడపోత శక్తిని అంచనా వేస్తారు. 105 సెంటీమీటర్ల మా వాడికి అది 48 వచ్చింది. మూడు నెలలకు మించి అది 30 నుంచి 59 మధ్య ఉంటే మూడో దశ కిడ్నీ వ్యాధి అంటారు. ఎత్తు అడగకుండా ఇచ్చిన ఆ రిపోర్టులో ఈ సంగతి తెలిసే మార్గమే లేదు.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి వినీ వినీ కిడ్నీ జబ్బంటే పెద్దవాళ్లకు వచ్చేదేనని మన ఉత్తరాంధ్రలో చాలామంది అనుకుంటారు. పిల్లల్లో ఎక్కువగా పుట్టుకతో వచ్చే మూత్రమార్గ లోపాలే దీనికి కారణం, తొలి లక్షణం తరచూ ఎదుగుదల మందగించడమే.

మరొక పొరపాటు మేమే చేశాం. ఎవరో చెప్పారని గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయించి, అది సరిగ్గానే ఉందని సంతోషించాం. మూత్రపిండాల జబ్బులో ఆ హార్మోన్ రక్తంలో మామూలుగానో ఎక్కువగానో ఉండవచ్చునని, లోపం అది పనిచేయడంలో ఉంటుందని వైద్యుడు వివరించాక గాని తెలియలేదు. ఆ హార్మోన్ ప్రేరణతో తయారై ఎముకలను పెంచే ఐజీఎఫ్-1ను పట్టి ఉంచే ప్రోటీన్లు, కిడ్నీలు వడకట్టలేకపోవడం వల్ల రక్తంలో పేరుకుంటాయట. అందువల్ల మొత్తం ఐజీఎఫ్-1 అంకె బాగానే కనిపించినా, ఎముకకు అందే స్వేచ్ఛా భాగం తగ్గిపోతుంది. వీటికన్నా ముందు చూడవలసినవి రక్తంలోని ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బొనేట్, హిమోగ్లోబిన్, కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్, విటమిన్-డి. మా వాడి బైకార్బొనేట్ 22కు తగ్గకూడదంటే 16 ఉంది. రక్తంలో ఆమ్లం పెరిగితే ఎముక ఎదగదు, కండ కరుగుతుంది. దానికి వాడే సోడా బైకార్బొనేట్ మాత్రలు ఖరీదైనవేమీ కావు. ఇవన్నీ సరిదిద్ది, ఆహారం చక్కబరిచాక కూడా పెరగని పిల్లలకే రోజూ వేసే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు.

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల, జగదాంబ కూడలి నుంచి గాజువాక దాకా ఉన్న ల్యాబుల నిర్వాహకులకు నా విన్నపం ఇది: పిల్లల రిపోర్టుల్లో వయసుకు తగిన పరిమితులే అచ్చువేయండి. ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పిల్లల్లో సహజంగానే ఎక్కువ గనుక, పెద్దల పరిమితులు పెడితే అక్కడ లేని జబ్బు కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. క్రియాటినిన్ పరీక్షకు వచ్చిన పిల్లల ఎత్తు కొలిచి, వడపోత అంచనాను కూడా రిపోర్టులో ఇవ్వండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడుల్లో ఎలాగూ ఎత్తు కొలుస్తున్నాయి. వయసుకు తగ్గ ఎదుగుదల లేని పిల్లలకు క్రియాటినిన్, బైకార్బొనేట్ పరీక్షలు, మూత్రపరీక్ష చేయించేలా జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

— ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం