బండి తాళం ఇచ్చే యజమానే డ్రైవర్‌కు కంటి పరీక్ష చేయించాలి

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో కళ్లద్దాల దుకాణం నడుపుతున్నాను. లారీ, టిప్పర్, స్కూల్ బస్సు, ట్రాలీ ఆటో నడిపేవాళ్లు తరచూ వస్తుంటారు. చాలామంది వచ్చేది దూరం కనపడక కాదు, ఫోన్‌లో అక్షరాలు కనపడక. నలభై దాటాక వచ్చే చత్వారం అది. దానికోసం కూర్చోబెట్టి చార్టు చదివిస్తే అప్పుడు బయటపడుతుంది, దూరపు చూపూ తగ్గిందని. ఎన్నాళ్లుగా అలాగే నడుపుతున్నారో వాళ్లకే తెలియదు. మెల్లమెల్లగా తగ్గే చూపుకు మనిషి అలవాటుపడిపోతాడు.

రోడ్డు మీద దాని ఫలితం చూడండి. 6/6, అంటే మామూలు చూపు ఉన్నవాళ్లు 60 మీటర్ల నుంచి చదివే బోర్డును 6/12, అంటే అందులో సగం చూపు ఉన్నవాళ్లు 30 మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. అంటే దగ్గర దగ్గర రెండు సెకన్లు చేజారినట్టే. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ముందు పోతుంటే, బ్రేకు వేయడానికి దొరికేది ఆ రెండు సెకన్లే.

శుక్లం మొదలైనవాళ్లది ఇంకో బాధ. పగలు చార్టు బాగానే చదువుతారు. రాత్రి ఎదురు బండి హైబీమ్ కంట్లో పడితే వెలుగు చెదిరి రోడ్డే కనపడదు. షుగర్‌తో రెటీనా (కంటి లోపలి వెనక పొర), నీటికాసులతో పక్కచూపు చాలాసార్లు నొప్పి లేకుండానే దెబ్బతింటాయి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి, పత్తి బండ్లు, భూపాలపల్లి బొగ్గు టిప్పర్లు, కరీంనగర్ గ్రానైట్ లారీలు, గోదావరి ఇసుక లారీలు రాత్రిళ్లూ మన రోడ్ల మీదే తిరుగుతాయి. అందుకే పగటిపూట చార్టు చదివించి సరిపెడితే చాలదంటున్నాను.

ఇప్పుడున్న పద్ధతిలో లైసెన్స్ దరఖాస్తు ఫారంలోనే ఒక ప్రశ్న ఉంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేటు గుర్తుపట్టగలరా అని. దానికి దరఖాస్తుదారు తనకు తానే జవాబు రాసుకుంటాడు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు డాక్టర్ సర్టిఫికెట్ కూడా కావాలి, కానీ 2019 సవరణ తర్వాత ఆ లైసెన్స్ ఐదేళ్లు నడుస్తుంది. నలభై ఐదేళ్ల మనిషికి, అందులోనూ షుగర్ ఉంటే, కంటికి ఐదేళ్లు చాలా ఎక్కువ. ఆ ఐదేళ్లలో రోజూ పొద్దున తాళం చేతికిచ్చేది యజమాని. లైసెన్స్ లేనివాళ్లకు బండి ఇవ్వకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 5 ఆయనకు చెబుతోంది. చూపు సరిగా లేనివాళ్లకు ఇవ్వకుండా చూసే బాధ్యత కూడా ఆయనదే కావాలి.

డ్రైవర్లే వచ్చి పరీక్ష చేయించుకోవచ్చు కదా అంటారు. "ఓనర్‌కు చెప్పకండి సార్, బండి ఇయ్యడు, ఇల్లెట్ల నడుస్తది" అని శుక్లం వచ్చిన ఒక టిప్పర్ డ్రైవర్ నన్ను బతిమాలాడు. ఆ భయం ఉన్నంతకాలం ఎవరూ నోరు విప్పరు. రంగులు గుర్తుపట్టలేడని ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ఆర్టీసీ డ్రైవర్‌కు వేరే పని ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు బండ్ల వాళ్లకు అంత దూరం పోయే ఓపిక, డబ్బు ఎక్కడివి? నిజానికి ఎక్కువమందికి కావలసింది అద్దాలో, చిన్న ఆపరేషనో. ఒక్క లారీ టైరు ఖర్చుతో పదిమందికి పైగా అద్దాలు వస్తాయి.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక చట్టం, వృత్తి భద్రత కోడ్ ప్రకారం, నియమాల్లో పేర్కొన్న ఉద్యోగులకు యజమాని ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. కార్మిక శాఖ మంత్రి గారితో మాట్లాడి, రాష్ట్ర నియమాల్లో బండి నడిపే ప్రతి ఉద్యోగినీ వయసుతో పని లేకుండా చేర్పించండి. డెలివరీ కుర్రాళ్లను, మందుల కంపెనీ రెప్‌లను, బైక్ మీద తిరిగే లైన్‌మెన్‌లను మరవకండి. ప్రతి కంటికీ విడిగా దూరపు చూపు, పక్కచూపు, రంగుల గుర్తింపు, షుగర్ ఉంటే రెటీనా చూడాలి. ఆ రోజు కూలి, అద్దాల ఖర్చు యజమానివే. ఆపరేషన్ అయి కోలుకునేదాకా పని పోదని రాతపూర్వకంగా ఉండాలి.

ఇందులో ఒక చిక్కుంది. ఆ కోడ్ పదిమంది, ఆపైన పనివాళ్లున్న రవాణా సంస్థలకే. రెండు మూడు టిప్పర్లున్న ఓనర్లు మన జిల్లాల్లో ఎందరో, వాళ్లంతా తప్పించుకుపోతారు. అక్కడ మీ శాఖే పట్టుకోవాలి. ఫిట్‌నెస్‌కు బండి తెచ్చినప్పుడు దాన్ని నడిపేవాళ్ల కంటి పరీక్ష కాగితం, ఏడాదిలోపుది, అడిగేలా చూడండి. టైర్లు, బ్రేకులు చూసే అధికారికి అది రెండు నిమిషాల పని.

ప్రభుత్వం కూడా యజమానే. పంచాయతీ ట్రాక్టర్లు, మున్సిపాలిటీ చెత్త ఆటోలు నడిపేవాళ్లతో ముందు మొదలుపెట్టండి. 2018లో, 2023లో కంటి వెలుగు శిబిరాలు ఊరూరా నడిపిన రాష్ట్రం మనది. అలాంటి శిబిరం ఎలా పెట్టాలో ఆరోగ్య శాఖకు తెలుసు, వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. జూన్‌లో బడులు తెరిచేలోగా స్కూల్ బస్సు డ్రైవర్ల వరకైనా ఉత్తర్వు ఇవ్వండి. మీ అధికారులు పిలిస్తే ఆ శిబిరాల్లో పరీక్షలకు నేను ఉచితంగా వస్తాను, మా వీధిలోని తోటి దుకాణాల వాళ్లనూ అడిగి తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక కళ్లద్దాల దుకాణదారు,
హనుమకొండ