ఆ ఉచిత లాయర్ల జాబితాలోని నంబర్లకు మీరొకసారి ఫోన్ చేసి చూడండి, కార్యదర్శి గారూ

అమెరికా ఆరోగ్య, మానవ సేవల శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. మీకు తెలుగు రాదని తెలుసు. ఇంగ్లీషులో కూడా రాశానండీ, ఒకసారి కాదు, నాలుగుసార్లు. వాషింగ్టన్‌లో ఎవరెవరికి రాశానో పేర్లు పెట్టను గానీ, ఒకచోట నుంచి మాత్రం "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని మెషిన్ జవాబు వచ్చింది, అదీ నేను మెయిల్ పంపిన రెండో సెకనులో. ఇంగ్లీషులో రాసినా ఎవరూ చదవనప్పుడు తెలుగులో రాస్తే కొత్తగా పోయేదేముంది, కనీసం మా వాళ్లయినా చదువుతారు.

నేను లాయర్‌ని కాదు. టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవు పెట్టగలిగిన రోజున, అమ్మానాన్నల తోడు లేకుండా ఈ దేశానికి వచ్చిన పిల్లల్ని కారులో ఇమిగ్రేషన్ కోర్టుకి తీసుకెళ్లి మళ్లీ ఇంటి దగ్గర దింపుతాను, అంతే నా పని. స్పానిష్ ఆ పిల్లలతో మాట్లాడే నేర్చుకున్నాను, అందుకే నేను నోరు తెరిస్తే వాళ్లకు నవ్వొస్తుంది. నన్ను "టియా" అంటారు, అత్త అనో పిన్ని అనో అనుకోండి.

మీ శాఖ 2025 మార్చి 21న ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అంతకు ముందు నెల 18న, ఈ పిల్లలకు లాయర్లను పెట్టే సంస్థలను పని ఆపండన్నారు, మూడు రోజులకు సరే చేసుకోండన్నారు, ఇంకో నెల గడిచాక కాంట్రాక్టులో లాయర్లకు డబ్బులిచ్చే భాగం మొత్తం కోసేశారు. మా ఊళ్లో మున్సిపాలిటీ కుళాయి కూడా ఇంతకంటే నిలకడగా వచ్చేది. తోడు లేకుండా వచ్చిన దాదాపు 26,000 మంది పిల్లల కేసులు ఆ డబ్బు మీదే నడుస్తుండేవి. ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలో ఫెడరల్ జడ్జి ఆ కోతను ఆపారు, అదే నెల 29న ఇంకా గట్టిగా ఆర్డరిచ్చారు, సంతోషం. కానీ కోర్టు ఆర్డరు వచ్చినంత మాత్రాన, ఉద్యోగం పోయి ఇంటికెళ్లిన లాయరమ్మ మర్నాడు పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చోదు కదండీ.

నేను రాయాలనుకున్నది ఆ పెద్ద లెక్కల గురించి కాదు. ఒక కాగితం గురించి.

మా పిల్లాడొకడున్నాడు, హోండురస్ వాడు. పేరూ ఊరూ చెప్పను. నాన్న వీడు పుట్టాక మళ్లీ మొహం చూపించలేదు, అమ్మ పోయింది, ఇక్కడ మేనమామ దగ్గర ఉంటున్నాడు. మామది ఇళ్ల కప్పులు వేసే పని. మొదటి వాయిదాకి నేనే తీసుకెళ్లాను. ఆ రోజు బెంచీ మీద వీడి పక్కన గ్వాటెమాలా చిన్నపిల్లాడొకడు కూర్చున్నాడు, కాళ్లు నేలకి ఆనట్లేదు, హెడ్‌ఫోన్లు చెవుల మీద నుంచి జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాడు. వాళ్లింట్లో మాట్లాడేది మామ్ అనే మాయన్ భాషట, హెడ్‌ఫోన్లలో వచ్చే అనువాదం స్పానిష్. ఆదిలాబాద్ గోండు పిల్లాణ్ణి హైదరాబాద్‌లో నిలబెట్టి హిందీలో కేసు వినిపించినట్టు. వాడు ప్రతిదానికీ "సీ, సీ" అంటున్నాడు, అవును అవును అని. అటుపక్క ప్రభుత్వ లాయరు మాత్రం ఫైళ్లతో సిద్ధంగా ఉన్నాడు, ఆయన జీతానికి ఎప్పుడూ ఏ కోతా లేదు.

జడ్జి గారు మంచావిడే. మావాడి వంతు వచ్చినప్పుడు నీ లాయరు ఎవరని అడిగారు, లేరన్నాడు, అప్పుడు గుమస్తా ఒక కాగితం ఇచ్చింది. ఉచితంగా పనిచేసే లాయర్ల జాబితా. ఈ కాగితం న్యాయశాఖది, నాది కాదు అంటారేమో మీరు. పదిహేడేళ్ల పిల్లాడికి మీ శాఖల గోడలు ఏం తెలుస్తాయండీ, వాడికి అమెరికా అంటే ఒకటే. "ఇందులో ఎవరినైనా చూసుకుని వచ్చే వాయిదాకి రా" అన్నారు జడ్జి గారు. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు, లాటరీ టికెట్టులాగా.

కారులో కూర్చుని ఇద్దరం ఒక్కో నంబరుకి చేశాం. మొదటిది మోగి మోగి ఆగిపోయింది. రెండోవాళ్లు డిటెన్షన్‌లో ఉన్న పెద్దవాళ్ల కేసులు మాత్రమే చూస్తారట. మూడో దానికి మంగళవారం ఉదయం రెండు గంటలే చేయాలట, ఆ మంగళవారం చేస్తే ఎంగేజ్, తర్వాతి మంగళవారం చేస్తే వాయిస్ మెయిల్ నిండిపోయిందట. ఒకచోట మనిషి పలికింది గానీ మా కౌంటీ వాళ్ల పరిధి కాదంది. ఇంకోచోట ఫోనెత్తిన అమ్మాయి "మా దగ్గర పిల్లల కేసులు చూసేవాళ్లందరినీ తీసేశారు మేడమ్, నాకూ ఈ శుక్రవారమే ఆఖరు" అని గొంతు పూడుకుపోతుంటే నేనే ధైర్యం చెప్పి పెట్టేశాను. తొమ్మిది నంబర్లు, అయిదు వారాలు. నేను ఇంగ్లీషు వచ్చిన మనిషిని, ఆఫీసు మీటింగు మ్యూట్‌లో పెట్టి ఇంకో ఫోన్లో హోల్డ్ మ్యూజిక్ వినగలిగే ఉద్యోగం నాది. కప్పు మీద మేకులు కొట్టే మేనమామ ఎలా చేస్తాడో చెప్పండి. ప్రైవేటు లాయర్‌ని అడిగితే అయిదారు వేల డాలర్లన్నారు, మామ విని ఏమీ మాట్లాడలేదు, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

అంత తొందరెందుకంటారా. మావాడికి పద్దెనిమిది రావడానికి అప్పటికి నాలుగు నెలలే ఉంది. అమ్మానాన్నలు వదిలేసిన పిల్లలకు మీ చట్టంలో ఇక్కడే ఉండిపోవడానికి ఒక దారి ఉంది కదా, స్పెషల్ ఇమిగ్రెంట్ జువెనైల్ అని. దరఖాస్తుకి 21 ఏళ్ల దాకా టైముంది, వినడానికి బాగానే ఉంది. కానీ దానికి ముందు స్టేట్ కోర్టు నుంచి ఆర్డరు తేవాలి, టెక్సాస్‌లో ఆ ఆర్డరు పద్దెనిమిది నిండేలోగా చేతికి రావాలి. అంటే ఒక కేసు కోసం రెండు కోర్టులు, రెండు రకాల చట్టాలు. ఇది ఒక పిల్లాడు ఒంటరిగా చేసుకోగలిగే పనేనా? మావాడికి ఆ దారి ఉందన్న సంగతే నేను చెప్పేదాకా తెలియదు, నాకు కూడా ఆ ఉద్యోగం పోయిన లాయరమ్మే ఎప్పుడో చెప్పింది.

జూలైలో పుట్టినరోజు వచ్చింది. మామ భార్య కేకు చేసింది. వాడు ముక్క నోట్లో పెట్టుకుని నావైపు చూసి "ఇక అయిపోయినట్టేనా టియా?" అన్నాడు. ఆశ్రయం అడిగే దరఖాస్తు ఇంకా ఉందని చెప్పాను. సరిగ్గా అదే నెల 4న సంతకమైన కొత్త చట్టంలో దానికీ వంద డాలర్ల ఫీజు పెట్టారు, కేసు తేలేదాకా ఏడాదికి ఇంకో వంద. వాయిదా తప్పి, దేశం వదలమని ఆర్డరు పడ్డాక దొరికితే 5,000 డాలర్లు. అది నేను చెప్పలేదు, పండగ పూట ఎందుకని.

2008లో మీ చట్టసభలే రాసుకున్నాయి, తోడు లేని పిల్లలందరికీ "వీలైనంత మేరకు" లాయర్లు ఉండేలా మీ శాఖ చూడాలని. వీలైనంత మేరకు! ఎంత చక్కటి మాటో. మా ఇళ్లల్లో అప్పు తీసుకున్నవాడు కూడా ఇదే మాటంటాడు. 1967లో మీ సుప్రీంకోర్టు, అరిజోనాలో ఫోన్‌లో పిచ్చి మాటలు మాట్లాడాడని పట్టుకున్న పదిహేనేళ్ల పిల్లాడికి కూడా లాయరు ఉండాల్సిందే అంది. ఫోన్‌లో తుంటరి మాటలకు లాయరు ఉండాలి, దేశం నుంచి పంపేసే కేసుకి అక్కర్లేదు, ఎందుకంటే ఇది సివిల్ కేసట. మీ ఇమిగ్రేషన్ జడ్జి ఒకాయన 2015లో ప్రమాణం చేసి మరీ చెప్పారు కదా, మూడు నాలుగేళ్ల పిల్లలకు ఇమిగ్రేషన్ చట్టం నేర్పానని, ఓపిక కావాలి గానీ వాళ్లకి అర్థమవుతుందని. అయ్యా, నాకు నలభై నాలుగేళ్లు, ఇన్నాళ్లుగా ఇక్కడ ఉంటూ నా సొంత గ్రీన్‌కార్డు ఫారమే లాయరు లేకుండా నింపలేకపోయాను.

ఒంగోలు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని ఉంటుంది. 1987 చట్టం, పిల్లలైతే ఆదాయం కూడా అడగకుండా లాయర్‌ని పెట్టాలి. అది ఎంత బాగా నడుస్తుందో నాకూ తెలుసు, అది వేరే సంగతి. కనీసం చట్టంలో "వీలైనంత మేరకు" అని మెలిక పెట్టలేదు.

ఇక్కడ మా తెలుగువాళ్లకూ ఒక మాట. నేనీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నానంటే మన పార్టీల్లో "వాళ్లు బోర్డరు దాటొచ్చారు, మనం వీసా మీద వచ్చాం, మనకెందుకు" అంటారు. 2025 ఏప్రిల్‌లో మన స్టూడెంట్ల ఇమిగ్రేషన్ రికార్డులు రాత్రికి రాత్రి రద్దయినప్పుడు ఎవరు కాపాడారు? లాయర్లు కోర్టులకెళితేనే కదా ఆ నెలాఖరుకి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. హెచ్‌-4 వీసా (అమ్మానాన్నల ఉద్యోగ వీసాతో పాటు పిల్లలకొచ్చేది) మీద పెరిగి, 21వ పుట్టినరోజున ఒక్కసారిగా పరాయివాళ్లయిపోతున్న పిల్లలు మన ఇళ్లల్లో లేరా? మావాడికి పద్దెనిమిది, మీవాడికి ఇరవై ఒకటి, తేడా అంతే.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను. 2025 ఆగస్టు ఆఖరి వారాంతంలో, లేబర్ డే సెలవుల్లో, గ్వాటెమాలా పిల్లల్ని నిద్రలేపి బస్సులెక్కించి విమానాల దాకా తీసుకెళ్లారు. మీ శాఖ సంరక్షణలో ఉన్న పిల్లలేనండీ. అర్ధరాత్రి దాటాక లాయర్లు జడ్జిని లేపి ఆర్డరు తెచ్చారు కాబట్టి ఆ విమానాలు ఆగాయి. లాయర్లు లేకపోతే ఆ పిల్లలు ఎవరికి ఫోన్ చేసేవాళ్లు, ఆ జాబితాకా? ఆదివారం తెల్లవారుజామున?

నేను అడిగేది పెద్దదేం కాదు. లాయర్లకు డబ్బులివ్వండి, ఇచ్చి మళ్లీ మధ్యలో ఆపకండి. కోర్టు చెప్పిందని ఇవ్వడం కాదు, అప్పీళ్లకి పెట్టే ఖర్చుతో ఇవ్వండి. పద్దెనిమిదికి దగ్గరపడ్డ పిల్లల్ని ముందు చూడండి. లాయర్లకు డబ్బులివ్వండి. ఇంతకుముందే రాశానా? సరే, మెయిల్లో కూడా రాశాను లెండి.

మావాడి తర్వాతి వాయిదాకి నేను మళ్లీ సెలవు పెట్టాను. ఆ కాగితం నా కారు డాష్‌బోర్డులోనే ఉంది, మడతల దగ్గర రెండు నంబర్లు చెరిగిపోయాయి, మిగతావి బాగానే కనిపిస్తున్నాయి. అడిగితే ఫొటో తీసి పంపుతాను. మీ ఆఫీసులో ఖాళీగా ఉన్నవాళ్లెవరినైనా ఒక మంగళవారం ఉదయం కూర్చుని చేయమనండి. ఎవరైనా ఎత్తితే నాకు చెప్పండి, వెంటనే పిల్లాణ్ణి తీసుకొస్తాను.

ఇట్లు,
టెక్సాస్ నుంచి,
ప్రకాశం జిల్లా ఆడపడుచు