గురువారం వాళ్లు

అక్కా,

రెండు నెలల పైనే అయింది కదా, నువ్వు వీడియో కాల్ చేస్తే కెమెరా ఆపేసి నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నాను. నెట్ సరిగ్గా లేదని చెప్పింది అబద్ధం. నెట్ బ్రహ్మాండంగా ఉంది, నా ముఖమే బాగాలేదు. నాలుక ఆపరేషన్ సంగతి, రేడియేషన్ సంగతి నీకు తెలుసు. వాటితో పాటు వారం వారం ఎక్కించిన మందు గురించి మాత్రం సరిగ్గా చెప్పలేదు, చెబితే ముఖం చూపించమంటావని. ఇప్పటికీ మాట్లాడటం కన్నా రాయడమే సులువు, అందుకే తాపీగా రాస్తున్నాను. చదివి అమ్మకి ఎంతవరకు చెప్పాలో నువ్వే చూసుకో.

నాలాంటి కేసులో మామూలుగా రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో ఇస్తారట. అది కిడ్నీలనీ చెవులనీ దెబ్బతీయగలదు. నా కుడిచెవి చిన్నప్పుడే చీముపట్టి పోయింది కదా, ఉన్న ఒక్కటీ పోతే ఎలా అని డాక్టరు సెటుక్సిమాబ్ పెట్టారు. దీన్ని టార్గెటెడ్ మందు అంటారు. కేన్సర్ కణాల మీద ఈజీఎఫ్‌ఆర్ అని ఒక రిసెప్టర్ ఉంటుంది, పెరగమనే కబురు దాని ద్వారానే లోపలికి పోతుంది. ఈ మందు వెళ్లి దాని మీద కూర్చుంటుంది, ఇక కబురు అందదు. టార్గెట్ అన్నారు కాబట్టి గురిచూసి కేన్సర్‌నే కొడుతుంది, మిగతా ఒంటికేమీ కాదు అనుకున్నాను. అదే రిసెప్టర్ చర్మంలోనూ, వెంట్రుకల కుదుళ్లలోనూ ఉంటుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పే ఉంటారులే, ఆ రోజుల్లో నా బుర్రకి ఏదీ ఎక్కలేదు.

మొదటిసారి ఎక్కించే ముందు నర్సు అడిగిన ప్రశ్న విని నవ్వొచ్చింది. "ఎప్పుడైనా గోమారి కరిచిందా? మాంసం తింటే ఒంటి మీద దద్దుర్లు వస్తాయా?" అని. కేన్సర్‌కీ గోమారికీ ఏం సంబంధం? ఉందట! కొన్ని రకాల గోమార్లు కరిచినవాళ్లకి మాంసంలో ఉండే ఒక చక్కెర మీద ఎలర్జీ పుడుతుంది, అదే చక్కెర ఈ మందులోనూ ఉంది, అలాంటివాళ్లకి మొదటి డోసుకే ప్రాణం మీదకి రావచ్చు. అందుకే ముందు ఎలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి, మొదటి డోసు రెండు గంటలపాటు మెల్లగా ఎక్కించి, అయ్యాక కూడా ఇంకో గంట కూర్చోబెట్టారు. నాకేమీ కాలేదు. ఇంతేనా అనుకుంటూ ఇంటికొచ్చాను.

పదో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే ముక్కు పక్కన, గడ్డం మీద ఎర్రగా పొక్కులు. సాయంత్రానికి నుదురంతా, మర్నాటికి ఛాతీ, వీపు. ఇంటర్ చదివేటప్పుడు నా మొటిమలు చూసి నువ్వు ఏడిపించేదానివి కదా, వాటికి పదింతలు. అచ్చం మొటిమల్లాగే ఉన్నాయి కదా అని షాపుకెళ్లి మొటిమల క్రీమ్ తెచ్చి రాత్రి దట్టంగా పూసుకున్నాను. తెల్లారేసరికి ముఖం మీద నిప్పులు పోసినట్టుంది, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. ఆ ముఖానికే మాస్కు తగిలించుకుని గురువారం డోసుకి వెళ్లాను. అక్కడ దొరికారు వీళ్లు.

మా ఆసుపత్రిలో మందు ఎక్కించే గదిలో కిటికీ పక్క కుర్చీలు గురువారం పూట నోటి, గొంతు కేన్సర్ వాళ్లవే. ఒకరికి నాలుక సగం లేదు, ఒకరికి దవడ తెరుచుకోదు, ఒకరిది గాలి తప్ప శబ్దం రాని గొంతు, నాకేమో చెవి ఒకటే. ఇలాంటి సంత అంతా కలిసి కబుర్లు చెప్పుకోవాలంటే ఎలా? అందుకే వాళ్ల దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. చెప్పాలనుకున్నది రాసి పక్క కుర్చీకి అందిస్తారు, సెలైన్ గొట్టాలు చిక్కుపడకుండా చేతులు మారుతూ అది వరసంతా తిరిగొస్తుంది. ఆ రోజు ఎదురు కుర్చీలో ఉన్న బస్సు డ్రైవరు నన్ను ఒక్క చూపు చూసి అందులో రాసిచ్చిన మొదటి మాట, "మొటిమల క్రీమ్ పూశావు కదూ?"

ఆయనది అప్పటికి ఐదో వారం, నాది మూడోది. ఆయనా అదే పని చేశాడట. కింద వరసగా రాశాడు, ఇవి మొటిమలు కావు, మొటిమల మందులు చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి, సబ్బు మానెయ్, వాసన లేని మాయిశ్చరైజర్ ఒంటికి పూయి, ఎండలోకి వెళితే సన్‌స్క్రీన్ లేకుండా వెళ్లకు, ముఖ్యంగా ఇప్పుడే నర్సుకి చూపించు, వచ్చే వారం దాకా ఆగకు. నేను సిగ్గుపడి మాస్కు పైకి లాక్కుంటుంటే ఆయనే చెయ్యెత్తి నర్సుని పిలిచేశాడు. ఆవిడ చూసి డాక్టరుతో చెప్పి డాక్సీసైక్లిన్ మాత్రలు, ఒక స్టెరాయిడ్ క్రీమ్ రాయించింది. వారానికి మంట తగ్గింది, పొక్కులైతే చివరిదాకా ఉన్నాయి. మన రంగుకి అవి మానినచోట నల్లమచ్చలు పడతాయి, పోవడానికి నెలలు పడుతుందట.

డాక్టర్లు మంచివాళ్లే అక్కా, వాళ్లని ఏమీ అనను. కానీ డాక్టరుతో పది నిమిషాలు దొరుకుతాయి, ఆ పది నిమిషాలూ గడ్డ గురించి, స్కాన్ గురించే సరిపోతాయి. వేలి కొసన చర్మం చీలి చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నానని అక్కడ చెప్పబుద్ధి కాదు, చిన్న సంగతిలా ఉంటుంది. ఆ నోటుబుక్కు నిండా అవే చిన్న సంగతులు. గోళ్లు తిన్నగా అడ్డంగా కత్తిరించుకో, మూలలు తవ్వకు. బిగుతు బూట్లు వద్దు. లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి రోజంతా పుక్కిలించు, షాపులో దొరికే ఘాటు మౌత్‌వాష్ జోలికి పోకు. మింగలేకపోయినా మింగే ఎక్సర్‌సైజులు మానకు, మానితే గొంతు ఆ పని మర్చిపోతుంది. దవడ బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టుకుని ఉంచమని స్పీచ్ థెరపీ ఆవిడ చెబుతుంది కదా, మాకు అదో పోటీ. నాకిప్పుడు పదకొండు పుల్లలు, డ్రైవరుగారికి పద్నాలుగు. ఆయన గొప్ప భరించలేం.

నాలుగో వారంలో నా పిక్కలు పట్టేయడం మొదలైంది, చేతులు సన్నగా వణికేవి. తిండి లేక నీరసం అనుకున్నాను. నోటుబుక్కులో రాస్తే ముగ్గురు ఒకేసారి "మెగ్నీషియం" అని రాశారు. ఈ మందుకి కిడ్నీలు మెగ్నీషియాన్ని బయటికి వదిలేస్తాయట. రక్తపరీక్షలో నిజంగానే బాగా పడిపోయింది, అప్పటినుంచి అదీ సెలైన్‌లో ఎక్కించారు. మందు ఆపాక కూడా కొన్ని వారాలు చూస్తూనే ఉండాలట, అందుకే రేడియేషన్ అయిపోయి మూడు వారాలైనా ఇంకా గురువారాలు వెళ్తున్నాను.

మాలో ఒక రిటైర్డ్ సైన్సు టీచరు ఉంది. ఆవిడకి జబ్బు తిరగబెట్టింది, అందుకని నెలల తరబడి ఇదే మందు మీద ఉంది. ఆవిడ కనురెప్పల వెంట్రుకలు చూడాలి నువ్వు, బారుగా పెరిగి మెలికలు తిరిగి ఉంటాయి. డబ్బు పోసి అంటించుకునేవాళ్లు చూస్తే ఏడుస్తారు. ఇదీ మందు వల్లే. లోపలికి మడతపడి కంట్లో గుచ్చుకుంటాయని కళ్ల డాక్టరు దగ్గర కత్తిరించుకుంటుంది. ఆవిడే ఒకరోజు పేజీ నిండా పాఠం రాసింది. స్టాన్లీ కోహెన్ అనే ఆయన ఏదో గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి ఎక్కిస్తే వాటికి కళ్లు ముందుగా తెరుచుకున్నాయట, పళ్లు ముందుగా వచ్చాయట. ఎందుకని తవ్వుతూ పోతే ఈజీఎఫ్ దొరికింది, చర్మాన్ని పెరగమని చెప్పే పదార్థం. 1986లో నోబెల్ ఇచ్చారు. ఆ కబురు అందుకునే రిసెప్టర్‌నే మన మందు మూసేస్తోంది, కాబట్టి నీ చర్మం, నా రెప్పలు ఇలా కాక ఇంకెలా ఉంటాయి అని కింద గీత గీసింది. నా ముఖానికి ఒక కారణం ఉందని తెలిశాక అద్దంలో చూసుకోవడం కొంచెం తేలికైంది, ఎందుకో మరి.

అన్నీ ఇలా తియ్యగా లేవులే. నేను కొత్తలో ఎవరు పలకరించినా ముందు "నేను పొగాకు ముట్టలేదు" అనేదాన్ని. అడక్కపోయినా అనేదాన్ని. మీరూ అక్కడ చుట్టాలకి అదే చెబుతున్నారు కదా. ఒకరోజు నోటుబుక్కులోనూ రాశాను. డ్రైవరుగారు చదివి చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత, "నేను ముప్పై ఏళ్లు పొగ తాగాను. నీకు జాలి, నాకు శాస్తి, అంతేనా?" అని రాసి అందించాడు. ఏం చెప్పను? ఆయన చెయ్యెత్తి పిలవబట్టే కదా నా ముఖం ఈమాత్రమైనా ఉంది. క్షమించండి అని రాశాను. అప్పటినుంచి ఆ మాట ఎవరితోనూ అనడం మానేశాను. నువ్వూ మానెయ్ అక్కా.

ఇంకోసారి పొరపాటు అందరిదీ. ఈ మందుకి పొక్కులు బాగా వచ్చినవాళ్లు ఎక్కువకాలం బతికారని, వందలమంది రోగులకి ఈ మందు ఇచ్చి చూసిన ఒక పెద్ద పరీక్ష ఐదేళ్ల లెక్కల్లో, 2010లో, వచ్చింది. 2006లో అమెరికాలో ఈ మందుకి తల, మెడ కేన్సర్లలో అనుమతి వచ్చింది ఆ పరీక్ష తొలి ఫలితాలతోనే. మాకు అది పెద్ద ఊరట. ముఖం మండినప్పుడల్లా "పనిచేస్తోంది, పనిచేస్తోంది" అని రాసుకుని నవ్వుకునేవాళ్లం. చివరి కుర్చీలో ఒక కుర్రాడు ఉండేవాడు, నున్నటి ముఖం, నాలుగు డోసులైనా ఒక్క పొక్కు లేదు. వాణ్ణి చూసి అసూయపడేది మేమే అనుకున్నాం. ఒకరోజు వాడు టాయిలెట్‌లో ముఖాన్ని తువ్వాలుతో రక్తం చిమ్మేలా రుద్దుకుంటుంటే నర్సు చూసింది. మా నవ్వులన్నీ వాడికి ఎలా వినపడ్డాయో అప్పుడు తెలిసింది. డాక్టరే వచ్చి కూర్చుని చెప్పారు, అది వందలమంది లెక్క, ఒక్క మనిషి ముఖం చూసి మందు పనిచేస్తోందో లేదో చెప్పలేం, పైగా ఆ పరీక్షలో ఉన్నవి గొంతు, స్వరపేటిక కేన్సర్లు, నీది నోటిది అని. టీచరమ్మ ఆ రోజు నోటుబుక్కు అట్ట మీద పెద్దక్షరాలతో రెండు ముక్కలు రాసింది. ఒకరి ఒళ్లు ఇంకొకరితో పోల్చొద్దు. మందు ఆపమని గానీ మార్చమని గానీ ఎవరూ ఎవరికీ చెప్పొద్దు, నర్సుని పిలవండి.

ఆ టీచరమ్మ ఇప్పుడు గురువారం రావడం లేదు. స్కాన్‌లో గడ్డ మళ్లీ పెరిగిందని మందు మార్చారు, మూడు వారాలకోసారి ఎక్కించే ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే కేన్సర్ మీదకి ఉసిగొల్పే మందు, సోమవారాలు. మొన్న మెసేజ్ పెట్టింది, "నా రెప్పలు రాలిపోతే నన్ను గుర్తుపడతారా?" అని. ఎలా ఉందని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు, సోమవారం పరీక్షలు పెట్టించుకోవచ్చా అని నర్సుని అడిగాను. ఒకసారికి ఒప్పుకుంది.

మొన్న గురువారం నా పాత కుర్చీలో కొత్తాయన ఉన్నాడు, రెండో డోసు. మాస్కు కళ్ల దాకా లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను నా మాస్కు తీసేసి ఎదురుగా కూర్చున్నాను, మచ్చలతో సహా. కాసేపు చూశాడు. నోటుబుక్కు అందిస్తే వణుకుతున్న అక్షరాలతో "ఇది ఎన్ని రోజులుంటుంది?" అని రాశాడు. నావి ఏ వారం ఎలా ఉన్నాయో రాసిచ్చాను, పోల్చొద్దని అట్ట చూపించి మరీ. తర్వాత చెయ్యెత్తి నర్సుని పిలిచాను.

ఆ రోజు ఇంటికొచ్చే దారిలోనే అనుకున్నాను, ముక్కూమొహం తెలియనాయనకి చూపించిన ముఖం నీకు చూపించకపోవడం ఏమిటని. ఈ ఆదివారం ఫోన్ చెయ్యి, కెమెరా ఆన్ చేస్తాను. మెడ కాలి నల్లబడి ఉంటుంది, బాగా చిక్కాను, మాట ముద్దగా వస్తుంది, అర్థం కాకపోతే మళ్లీ అడుగు, తలూపెయ్యకు. నోరు నొప్పెడితే టైప్ చేస్తాను, అప్పుడు కట్ అయిందనుకుని పెట్టెయ్యకు. మొదట నువ్వు ఒక్కదానివే ఉండు. ఏడవాలనిపిస్తే ఏడ్చేసెయ్, అమ్మని తర్వాత పిలుద్దాం.

నీ చెల్లి