వెయ్యేళ్ల బొమ్మలకు 14 రోజుల గడువా?

గౌరవనీయులైన అమెరికా ఇంటీరియర్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. యూటాలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. ఈ ఉత్తరం ఇంగ్లీషులో రాసి మీకు పోస్టు చేశాను. మళ్లీ తెలుగులో రాస్తున్నది, సెలవు దొరికితే చాలు ఆర్చెస్, బ్రైస్ కాన్యన్ పార్కులకు కార్లు తీసే మనవాళ్ల కోసం.

విషయం యూటాలోనే ఉన్న నైన్ మైల్ కాన్యన్ అనే లోయ. పేరుకు తొమ్మిది మైళ్లే గానీ ఆ లోయ పొడవు 40 మైళ్ల పైమాటే. వెయ్యేళ్ల కిందట ఫ్రీమాంట్ అనే ఆదివాసీ జనం అక్కడ మొక్కజొన్న పండించుకుంటూ కొండగోడల మీద వేల బొమ్మలు చెక్కారు. ఈమధ్య మా నాన్నను తీసుకెళ్లాను. కాటన్‌వుడ్ అనే పాయ (పక్కలోయ)లోని 'గ్రేట్ హంట్' అనే వేట బొమ్మల ముందు నిలబెడితే, "ఇంత దూరం తెచ్చి గొర్రెల మందను చూపిస్తావేంట్రా" అన్నారు. కాసేపటికి ఆయనే కళ్లద్దాలు సర్దుకుని ముందుకెళ్లారు. నల్లబారిన రాతి పైపొరను పొడిచి పొడిచి లేపితే లోపలి లేత రంగు బయటపడి బొమ్మ అయింది. కందిబద్దంత గుంతలు ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. పెద్దకొమ్ముల కొండగొర్రెలు, విల్లు పట్టిన వేటగాళ్లు, వాళ్ల మధ్య కొమ్ములున్న ఆకారం ఒకటి. దేవుడో, పూజారో, నాన్న తేల్చలేకపోయారు.

నాన్నది బళ్లారి. అక్కడి కుప్పగల్లు కొండ మీద ఎద్దుల బొమ్మలు, కొడితే గంటలా మోగే రాళ్లు ఉన్నాయి. కొంత భాగం క్వారీల పాలైంది. తిరుగు దారంతా అదే మాట.

ఈ లోయకూ ఒకసారి గండం వచ్చింది. పైన పీఠభూమిలోని గ్యాస్ బావులకు వెళ్లే లారీలు మట్టిరోడ్డు మీద దుమ్ము లేపితే అది బొమ్మల మీద పడింది. దుమ్ము అణచడానికి చల్లిన మెగ్నీషియం క్లోరైడ్‌తో రాయి పాడవుతుందన్న భయం ఇంకొకటి. 2004లో చారిత్రక స్థలాల కోసం పనిచేసే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని దేశంలో ప్రమాదంలో ఉన్న 11 చోట్లలో ఒకటిగా ప్రకటించింది. ఏళ్ల తరబడి వాదించుకున్నాక 2010లో ఒప్పందం కుదిరింది. రోడ్డు బాగుపడింది ఆ తర్వాతే.

2025 ఏప్రిల్‌లో, ప్రభుత్వ భూములను చూసే మీ శాఖ ప్రకటించిన అత్యవసర పద్ధతిలో చమురు, గ్యాస్ ప్రాజెక్టుల పర్యావరణ పరిశీలన 14 రోజుల్లో, పెద్దవైతే 28 రోజుల్లో ముగించొచ్చు. చారిత్రక స్థలాల గురించి ఆదివాసీ తెగలు చెప్పుకోవడానికి 7 రోజులు. హోపీ తెగ పెద్దలు అరిజోనా నుంచి వచ్చి, రాయి రాయీ చూసి, తమవాళ్లతో మాట్లాడి ఏడు రోజుల్లో జవాబివ్వాలా? మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ గీతలు మార్చడానికే 30 రోజుల నోటీసు ఇచ్చారండీ.

నేను అడిగేది ఒక్కటే. ఈ లోయకూ, దాని పాయలకూ, పైనున్న పీఠభూమికీ ఆ అత్యవసర పద్ధతి వర్తించదని ఉత్తర్వు ఇవ్వండి. గ్యాస్ వద్దనడం లేదు, మా పొయ్యి వెలిగేదీ దానితోనే. పాత గడువులే ఉంచమంటున్నా.

మనవాళ్లకు ఒక మాట: వెళితే చూడండి, ఫొటోలు తీసుకోండి, చేత్తో మాత్రం తడమకండి. చేతి జిడ్డు ఆ రాతిని పాడుచేస్తుంది. నాన్ననూ రెండుసార్లు ఆపాల్సి వచ్చింది.

ఇట్లు,
యూటా నుంచి ఒక తెలుగువాడు