పేరు చెప్పని పెద్దాయనకు కృతజ్ఞతలు

బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో పనిచేసిన మా తాతగారి పాత ఫొటోను అనంతపురంలోని ఒక స్టూడియోలో బాగుచేయిస్తుండగా, పక్కనే కూర్చున్న మీరు భూతద్దం అడిగి తీసుకుని అందులోని విమానమేదో తేల్చి చెప్పారు. రెక్కల చివరలు పైకి వంగి ఉన్నాయనీ, ముందు సీట్లు పక్కపక్కనే ఉన్నాయనీ చూపించి, ఇది అక్కడ లైసెన్సుపై తయారైన పెర్సివల్ ప్రెంటిస్ శిక్షణ విమానమనీ, 1951లో తొలిసారి ఎగిరిన మరో శిక్షణ విమానం హెచ్‌టీ-2లో సీట్లు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి కనుక అది కాదనీ ఎంతో ఓపికగా వివరించారు. తోకమీది అంకెలు చెరిగిపోయిన ఫొటోలో కేవలం ఆకారాన్నిబట్టి విమానాన్ని పోల్చుకోవడం, నా దృష్టిలో, గొప్ప విద్య. ఫొటోకు వేలు తగలనివ్వకుండా, రెక్క వంపును గాలిలోనే గీసి చూపారు. అమ్మ ఆ ఫొటో వెనుక విమానం పేరు రాయించింది. అయ్యా, మా కుటుంబమంతా మీకు ఋణపడి ఉంది.