కొట్టుగది తలుపు మీద లెక్కలు

ఒరే మావా,

నీ మెసేజ్‌లు మూడూ చూశాను. ఫోన్ ఎత్తలేదని కోపం పెట్టుకోకు. మాట్లాడదామంటే గొంతు పట్టేస్తోంది. రాస్తే అన్నీ వరసగా చెప్పగలనని కూర్చున్నాను.

నేను అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. జూలై మొదటి వారంలో వచ్చాను. పది రోజుల్లో వచ్చేస్తానని నీకు చెప్పాను గానీ, అప్పటికే అమీర్‌పేట హాస్టల్ ఖాళీ చేసేశాను. మార్చిలో కాంట్రాక్టు అయిపోయిందని ఆఫీసులో తీసేశారు. తర్వాత ఎన్ని ఇంటర్వ్యూలకి తిరిగానో నీకు తెలుసు. కార్డు బాకీ సంగతి మాత్రం నీకూ పూర్తిగా చెప్పలేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ నెలలోనే చెబుతాను.

అమ్మమ్మ పోయింది డిసెంబరు చివర్లో కదా. ధనిష్ఠా నక్షత్రమని, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలని పురోహితుడు గారు అన్నారు. కార్యక్రమాలు అవగానే తాళం వేసి ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళ నమ్మకాన్ని నేను కాదనను. కానీ మనిషి అలికిడి లేకపోతే పెంకుటిల్లు ఎలా అయిపోతుందో తాళం తీసిన రోజు చూశాను. మండువాలో తూము ఎండాకులతో, కొబ్బరి పీచుతో పూడిపోయింది. ముందురోజు వాన నీళ్ళు వసారాలోకి ఎక్కేశాయి. పడమటి గదిలో వాసానికి చెద పట్టింది, వేలితో నొక్కితే పిండిలా రాలింది. ఎనభై ఏళ్ళావిడ ఒక్కతే ఇన్నాళ్ళూ ఇవన్నీ రాకుండా ఎలా చూసుకుందో అనుకుంటే ఒళ్ళు జలదరించింది. మేమందరం పండక్కి వచ్చి, తిని, వెళ్ళిపోయేవాళ్ళం.

మొదటి పదకొండు రాత్రులు వీధి అరుగు మీదే పడుకున్నాను. పక్కింటి పిన్ని రోజూ అన్నం పెట్టి, "లోపల పడుకోరా, దోమలు పీక్కు తింటున్నాయి" అనేది. భయమై కాదు మావా. అమ్మమ్మ గదిలో గూట్లో ఆవిడ కళ్ళజోడు అలాగే ఉంది. ఒక పుల్ల విరిగితే తెల్లదారం చుట్టి చుట్టి బిగించుకుంది. కిందటేడు దసరాకి ఫోన్ చేసి, "నువ్వొచ్చినప్పుడు కొత్తది చేయిద్దువులే" అంది. వస్తానన్నాను, వెళ్ళలేదు. ఆ దారం చూస్తూ ఆ గదిలో ఎలా పడుకోను చెప్పు.

పన్నెండో రోజు వాన దంచేస్తుంటే లోపలికి వెళ్ళక తప్పలేదు. నాలుగు వైపుల నుంచీ పెంకుల మీది నీళ్ళు మండువాలోకి దిగుతుంటే, చేత్తో తూము కెలుకుతూ తెల్లారేదాకా మేలుకునే ఉన్నాను. మర్నాడు కొట్టుగదిలో చీపురు వెతుకుతుంటే తలుపు వెనక బొగ్గుతో రాసిన లెక్కలు కనిపించాయి. నెల, దింపిన కొబ్బరికాయలు, దింపు కూలి, ఒలుపు కూలి. ఇంటికి రంగులేయించినప్పుడల్లా ఆ తలుపు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదని పిన్ని చెప్పింది. మొత్తం 62 కొబ్బరి చెట్లు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కోనసీమలో తోటలకి తోటలే నేలకొరిగాయి కదా, మాదీ అంతే. ఇప్పుడున్న వాటిలో చాలావరకు ఆ తర్వాత ఆవిడ నాటించినవే.

ఆ లెక్కలు పైనుంచి కిందికి చదివితే గుండె చెరువైంది. ఒకప్పుడు దింపుకి 700 పైన వచ్చేవి, చివరికొచ్చేసరికి 430. ఎవరికీ చెప్పలేదు ఆవిడ. నేను ఆకులు కోసుకుని అంబాజీపేటలో ఉద్యాన పరిశోధనా స్థానానికి పట్టుకెళ్ళాను. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, పైన నల్లటి మసి. తెల్లదోమట. ఏ మందు పడితే అది కొడితే దాన్ని తినే మంచి పురుగులు కూడా చస్తాయి, ముందు గట్టిగా నీళ్ళు కొట్టమన్నారు. మొన్నటి దింపులో 410 వచ్చాయి. ఆ అంకె అమ్మమ్మ రాత కిందే నేనూ బొగ్గుతోనే రాశాను.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఇల్లు అమ్మమ్మ పేరునే ఉంది, వీలునామా రాయలేదు. అమ్మకీ ఇద్దరు మావయ్యలకీ సమాన వాటాలే. చిన్న మావయ్య అమ్మేద్దామంటున్నాడు, ఆయన అవసరాలు ఆయనవి. పెద్ద మావయ్య మాత్రం సంవత్సరీకం అయ్యాక మాట్లాడదామన్నాడు. రెండేళ్ళు నాకు వదలండి, ఇంటి పన్ను, కరెంటు బిల్లు నేను కడతాను, కాయల డబ్బు మూడు వాటాలూ పంపుతాను అని అడగబోతున్నాను. కరెంటు బిల్లు ఇప్పటికీ తాతయ్య పేరునే వస్తోంది. మొన్నటి కాయల డబ్బు పెంకులు సర్దించడానికి వాడమని పెద్ద మావయ్యే అన్నాడు. నా ఖర్చులకి సాయంత్రాలు అరుగు మీద పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. తొమ్మిది మంది వస్తున్నారు.

నీకివ్వాల్సిన ముప్పై వేలల్లో ఆ ట్యూషన్ డబ్బుల నుంచి రెండు వేలు ఇవాళ పొద్దున పంపాను. మన మధ్య లెక్కలేంట్రా అని వెనక్కి పంపకు. నువ్వు ఆ రోజు కారణం కూడా అడక్కుండా ఇచ్చావు. నెలనెలా పంపితేనే నాకు నిద్ర పడుతుంది.

సంక్రాంతికి రా మావా. అప్పటికి సంవత్సరీకం అయిపోతుంది. కనుమ రోజు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే శివుణ్ణి నిలిపి రంగుబట్టలతో అలంకరించిన పెద్ద వెదురు కట్టడాలు, వస్తాయి. గంగలకుర్రు ప్రభల్ని నిండుగా పారే కౌశిక కాలువలోంచి భుజాల మీద మోసుకొస్తుంటే అరుపులతో తోటంతా ఊగిపోతుంది. అమ్మమ్మ నన్ను ఏటా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఈసారి నీతో వెళ్ళాలని ఉంది. రావులపాలెంలో దిగగానే ఫోన్ చెయ్యి, ఈసారి ఎత్తుతాను.

అన్నట్టు, ఆవిడ మంచం కదపలేదు. దాని పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నాను.

నీ
మావ