దీపాల రొద గురించి రేడియో తరంగాల నియంత్రణాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పగలు మీడియం వేవ్‌లో దగ్గరి స్టేషన్లే పలుకుతాయి. పొద్దుగూకాక అయనోస్ఫియర్‌లోని (పై వాతావరణంలో విద్యుదావేశమున్న పొరల్లోని), పగలు ఈ తరంగాలను మింగేసే డి పొర పలచబడిపోయి వందల కిలోమీటర్ల అవతలి గొంతులు వినపడతాయి. నేను కాచుకుని కూర్చునేది ఆ వేళ కోసమే. సరిగ్గా అప్పుడే వీధిలో ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతాయి, సెట్టులో బర్రుమని రొద మొదలు.

ఇంట్లో మెయిన్ ఆపి, బ్యాటరీ సెట్టుతో వీధిలోకి వెళ్లాను. సెట్టును మెల్లగా తిప్పితే ఒకచోట రొద చప్పున తగ్గింది. సెట్టు లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీకి, దాని కొన చూపే వైపు నుంచి వచ్చే తరంగాలు సరిగా అందవు; ఆ కొన అప్పుడు దీపస్తంభాన్నే చూపిస్తోంది!

తప్పు వెలుగుది కాదు, దీపానికి కరెంటు అందించే సర్క్యూట్, అంటే కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదిలే డ్రైవర్‌ది. దీపాలు కొనేముందే సిస్ప్ర్ 15 (దీపాల నుంచి వచ్చే రేడియో రొదకు హద్దులు పెట్టే అంతర్జాతీయ ప్రమాణం) పరీక్ష పత్రం అడిగేలా చూడండి.

ఫిర్యాదిస్తే "ఇంకా రేడియో వింటున్నారా?" అని నవ్వారు. వింటున్నామండీ. ఓ రాత్రి రండి, సెట్టు నేను తెస్తాను.

ఇట్లు,
ఒక శ్రోత